చెట్ల పేర్ల చివర ఉన్న ఈ ‘జాక్.’ ఎవరు?

బడితోట:
అందరికీ నమస్కారం. మా ఊరి జిల్లా పరిషత్ హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. ఆవరణలో ఉన్న చెట్లన్నిటికీ పేరు పలకలు పెడదామని పిల్లలూ నేనూ అనుకున్నాం. పైన తెలుగు పేరు, దాని కింద శాస్త్రీయ నామం, ఆ కింద ఒక వాక్యం. పని మొదలుపెట్టాక ఒకచోట ఆగిపోయాం. గేటు పక్కన పెద్ద నిద్రగన్నేరు, వెనక గోడ పొడవునా గ్లైరిసీడియా, ఆఫీసు గది ముందు ఎర్రపూల జట్రోఫా ఉన్నాయి. మూడింటి శాస్త్రీయ నామాల దగ్గరా ‘జాక్.’ అని కనిపిస్తోంది. మొదటి రెండింటికి బ్రాకెట్లో ఉంది, జట్రోఫాకి బ్రాకెట్ లేదు. ‘ఎల్.’ అంటే ఈ పేర్ల పద్ధతి పెట్టిన లిన్నేయస్ అని తెలుసు. ఈ జాక్ ఎవరని పిల్లలు అడిగితే రేపు చెబుతాను అన్నాను. ఆ రేపు వచ్చి నాలుగు రోజులైంది. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

రిటైర్డ్ రేంజర్:
మాస్టారూ, ఆయన నికొలాస్ జోసెఫ్ జాక్విన్. 1727 ఫిబ్రవరిలో హాలండ్‌లోని లైడెన్‌లో పుట్టాడు, 1817 అక్టోబర్‌లో వియన్నాలో పోయాడు. తొంభై ఏళ్ల మనిషి. చదివింది వైద్యం, బతికింది మాత్రం మొక్కలతోనూ రసాయన శాస్త్రంతోనూ.

బ్రాకెట్ సంగతి సులువే. ఒక మొక్కకి మొదట పేరు పెట్టినవాడి పేరు చివర వస్తుంది. తర్వాత ఎవరైనా ఆ మొక్కని వేరే ప్రజాతిలోకి, అంటే పేరులో మొదటి మాట చెప్పే గుంపులోకి, మారిస్తే మొదటివాణ్ణి బ్రాకెట్లో ఉంచి, మార్చినవాడి పేరు బయట రాస్తారు. నిద్రగన్నేరుకి జాక్విన్ 1800లో మైమోసా సమన్ అని పేరు పెట్టాడు, తర్వాతివాళ్లు దాన్ని సమానియా చేశారు. గ్లైరిసీడియా ఆయన లెక్కలో రాబీనియా సీపియం. జట్రోఫా ఇంటిజెర్రిమా మాత్రం ఆయన పెట్టినచోటే ఉంది, అందుకే బ్రాకెట్ లేదు. ఇల్లు మారినా పాత యజమాని పేరు దస్తావేజులో ఉన్నట్టు అనుకోండి.

గట్టుమీద రైతు:
నాకు గ్లైరిసీడియా అంటే ప్రాణం. మా నాలుగెకరాల గట్ల మీద మొత్తం అదే. వర్షాలు పడగానే మోచేతి లావు కొమ్మలు నరికి గుచ్చితే చాలు, ఒక్క ఏడాదిలో కంచె. ఏడాదికి రెండుసార్లు నరికి ఆకు పొలంలో తొక్కిస్తాను. ఇక్రిశాట్, క్రిడా అనే మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థల వాళ్లు రైతులకి దీని గురించి చాలా చెప్పారు. నత్రజని ఉన్న ఆకు, మేక తింటుంది, పశువు మొదట మొహం తిప్పుకుంటుంది, తర్వాత అలవాటు పడుతుంది. ఈ చెట్టుకి పేరు పెట్టినాయన ఒకడున్నాడని ఈరోజే తెలిసింది. సీపియం అంటే ఏంటి రేంజర్ గారూ?

రిటైర్డ్ రేంజర్:
‘కంచెలది’ అని అర్థం అన్నా. లాటిన్‌లో సీపెస్ అంటే కంచె. నువ్వు గట్టు మీద చేస్తున్న పని 1760లోనే ఆ పేరులోకి ఎక్కింది. గ్లైరిసీడియా అనేది తర్వాత వచ్చిన పేరు, ‘ఎలకల్ని చంపేది’ అని. మధ్య అమెరికాలో దీని బెరడు, గింజలు ఎలకల మందుగా వాడేవాళ్లు.

బడితోట:
అంటే ఆయన ఆ దేశాలు తిరిగాడన్నమాట. వియన్నాలో కూర్చుని రాసినవి కాదా?

రిటైర్డ్ రేంజర్:
తిరిగాడు. ఈ కథ పిల్లలకి తప్పకుండా చెప్పండి.

లైడెన్‌లో జాక్విన్ కుటుంబానికి వాన్ స్వీటెన్ అనే వైద్యుడితో స్నేహం. ఆయన వియన్నాలో మరియా థెరీసా మహారాణికి ఆస్థాన వైద్యుడయ్యాక ఈ కుర్రాణ్ణి అక్కడికి పిలిపించాడు. జాక్విన్ వైద్యం చదువుతూ షోన్‌బ్రన్ రాజప్రాసాదం తోటలో ఎక్కువసేపు గడిపేవాడు. మహారాణి భర్త, చక్రవర్తి ఒకటో ఫ్రాన్సిస్‌కి ఆ తోట మీద మక్కువ. అమెరికా ఉష్ణమండలం నుంచి బతికున్న మొక్కలూ జంతువులూ తెమ్మని 1754 చివర్లో జాక్విన్‌ని పంపాడు. అప్పటికి ఆయనకి ఇరవై ఏడేళ్లు. తోటమాలి రైక్ వాన్ డెర్ షాట్ వెంట వెళ్లాడు. మార్టినీక్, గ్రెనడా, కురసావ్, జమైకా, క్యూబా, ఇప్పటి కొలంబియాలోని కార్తహేనా. తిరిగి వియన్నా చేరింది 1759లో. అయిదేళ్లు పట్టింది.

అక్కడి తేమలో పురుగులు ఎండబెట్టిన నమూనాల్ని తినేసేవి. మేం నల్లమలలో హెర్బేరియం షీట్లు పెట్టుకున్న రోజుల్లో వర్షాకాలం నాలుగు నెలలూ నాకు ఇదే టెన్షన్. ఒకసారి ట్రంకు పెట్టె తెరిస్తే అట్టల మధ్య చెదపుట్ట మట్టి తప్ప ఆకు లేదు. జాక్విన్ ఏం చేశాడంటే, చూసిన మొక్కని అక్కడికక్కడే బొమ్మ గీసుకున్నాడు, పువ్వు విప్పి కేసరాలు లెక్కపెట్టి రాసుకున్నాడు. నమూనా పోయినా బొమ్మ, రాత మిగిలాయి. 1760లో చిన్న జాబితా పుస్తకం వేశాడు, 1763లో 183 పటాలతో పెద్ద పుస్తకం. లిన్నేయస్ కనిపెట్టిన రెండు మాటల పేర్ల పద్ధతిని అమెరికా ఉష్ణమండలం మొక్కలకి అంత విస్తారంగా వాడిన తొలి మనుషుల్లో ఈయన ఒకడు. లిన్నేయస్ ఈయన మీద గౌరవంతో ఒక మొక్కల ప్రజాతికి జాక్వినియా అని పేరు పెట్టాడు.

మట్టిమాట:
ఇదంతా బాగుంది. కానీ ఒకటి అడగాలి. కార్తహేనాలో ఆ గ్లైరిసీడియా చెట్టుతో కంచె కట్టింది ఎవరు? అక్కడి ఆదివాసులు, తోటల్లో పనిచేసిన నల్లజాతి బానిసలు. చెట్టు గుణం తెలిసింది వాళ్లకి. ఒక చక్రవర్తి జీతగాడు ఓడ దిగి, చూసి, రాసుకుని వెళ్తే పేరు ఆయనదైంది. పలక మీద జాక్విన్ గురించి రాస్తే వాళ్ల గురించి ఎక్కడ రాస్తారు? పిల్లలకి సగం కథ చెప్పకండి మాస్టారూ.

గట్టుమీద రైతు:
మట్టిమాట గారు అన్నది నాకు నచ్చింది. మా గట్టు మీద నేను నేర్చుకుంది కూడా పక్క ఊరి ముసలాయన దగ్గరే, ఏ పుస్తకంలోనూ కాదు.

రిటైర్డ్ రేంజర్:
ఒప్పుకుంటాను. గినీ గడ్డి సంగతి తీసుకోండి, పాడి ఉన్న ప్రతి ఇంటికీ తెలిసిందే. దాని శాస్త్రీయ నామంలోనూ జాక్విన్ ఉన్నాడు, 1781లో పానికం మాక్సిమం అని రాశాడు. అది అమెరికా గడ్డి కాదు, ఆఫ్రికాది. బానిసలతో నిండిన ఓడలు నడిచిన దారిలోనే కరీబియన్ దీవులకి చేరి, అక్కడ పశువుల మేత అయింది. జాక్విన్ దాన్ని చూసేసరికే అది పరాయి నేల మీద ఉంది. మనుషుల్ని ఎలా తెచ్చారో గడ్డి కూడా అలాగే వచ్చింది. ఇది పిల్లలకి చెప్పాల్సిన మాటే.

అయితే ఒక న్యాయం చెయ్యాలి. నిద్రగన్నేరుకి ఆయన ‘సమన్’ అని రాశాడు చూశారా, అది వెనెజువెలా వైపు ఆ చెట్టుకి స్థానికులు వాడే పేరు. దాన్ని తీసేసి ఏ జమీందారు పేరో పెట్టలేదు. అలా అక్కడివాళ్ల మాట ఒకటి మన ఊరి గేటు దాకా వచ్చింది.

మట్టిమాట:
సరే, ఆ మాట పలక మీద పడాలి. ‘సమన్’ అక్కడి ప్రజల మాట అని.

బడితోట:
పడుతుంది. నిద్రగన్నేరు పలక వాక్యం దొరికింది. థాంక్యూ ఇద్దరికీ.

మహాగని బాధితుడు:
నా సంగతి కొంచెం పక్కది, అయినా రాస్తాను. తొమ్మిదేళ్ల కింద ఒక మొక్కల కంపెనీ వాళ్లు మా ఊళ్లో మీటింగ్ పెట్టి, మహాగని వేస్తే పదేళ్లలో ఎకరానికి కోటి అన్నారు. మూడెకరాల్లో వేశాను. ఇప్పుడు ఫోన్ ఎత్తేవాళ్లు లేరు. ఈ చెట్టు చరిత్ర చదువుతుంటే అందులోనూ జాక్విన్ పేరు కనిపించింది. నిజమేనా?

రిటైర్డ్ రేంజర్:
నిజమే తమ్ముడూ. స్వీటేనియా అనే ప్రజాతి పేరు పెట్టింది ఆయనే, 1760లో, తనని వియన్నాకి పిలిపించిన వాన్ స్వీటెన్ మీద కృతజ్ఞతతో. కానీ ఆయన రాసిన స్వీటేనియా మహాగని వెస్టిండీస్ చెట్టు. మన దగ్గర నర్సరీలు అమ్మేది ఎక్కువగా పెద్దాకు మహాగని, స్వీటేనియా మాక్రోఫిల్లా, అది వేరే జాతి. మంచి కలపకి చేవ పట్టడానికి పదేళ్లు చాలవు, దానికి చాలా ఎక్కువే పడుతుంది. తొందరపడి ఇప్పుడు కొట్టకండి. మధ్యలో నీడ పంట ఏదైనా వేసుకునే వీలుంటే ఉద్యాన శాఖ వాళ్లని అడగండి.

ఇక్కడ మన తెలుగు నేలకి ముడిపడ్డ విషయం ఒకటుంది. సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ మన కొండల్లో సోమిద చెట్టుని చూసి, ఇది జాక్విన్ చెప్పిన స్వీటేనియా కుటుంబమే అనుకుని స్వీటేనియా ఫెబ్రిఫ్యూగా అని పేరు పెట్టాడు. ఫెబ్రిఫ్యూగా అంటే జ్వరాన్ని తరిమేది. అప్పట్లో చలిజ్వరానికి సింకోనా బెరడు దక్షిణ అమెరికా నుంచి రావాలి, ఖరీదెక్కువ. దాని బదులు సోమిద బెరడు పనికొస్తుందని ఆయన ఆశ. తర్వాతివాళ్లు దాన్ని వేరే ప్రజాతి అని తేల్చి సోయ్‌మిడా అన్నారు. మన ‘సోమిద’ అనే తెలుగు మాటే అలా ప్రపంచం మొత్తం వాడే ప్రజాతి పేరైంది. నేను అడవిలో ఆ బెరడు ముక్క నోట్లో పెట్టుకుని చూశాను. నాలుక బిగుసుకుపోయి, సాయంత్రం తిన్న అన్నం కూడా చేదు తగిలింది.

ఇంకొకటి. తణుకు చెట్టు తెలుసుగా, కొన్ని చోట్ల కుమ్మర పొనుకు అంటారు. జైరోకార్పస్ అనే దాని ప్రజాతి జాక్విన్ పెట్టిందే, తిరిగే కాయ అని అర్థం. కాయకి పైన రెండు పొడుగాటి రెక్కలుంటాయి, కొమ్మ నుంచి వదిలితే గిరగిరా తిరుగుతూ దిగుతుంది. ఆయన అమెరికాలో చూసిన చెట్టే మన తూర్పు కనుమల్లోనూ ఉంది. రాక్స్‌బర్గ్ తన కోరమండల్ తీరపు మొక్కల పుస్తకం మొదటి సంపుటంలో దాన్ని జైరోకార్పస్ జాక్విని అనే పేరుతోనే వేశాడు.

మట్టిమాట:
సోమిద సంగతి చదివి సంతోషమేసింది. నిజంగా.

వియన్నాలో తెలుగమ్మాయి:
రేంజర్ బాబాయ్, మీ పోస్టులు చదివి ఈ ఆదివారం అక్కడికే వెళ్లొచ్చాను. నేను ఇక్కడ చదువుకుంటున్నాను. రెన్‌వెగ్ వీధిలో యూనివర్సిటీ బొటానికల్ గార్డెన్ ఉంది, మరియా థెరీసా 1754లో పెట్టించింది. 1768 నుంచి దాన్ని చూసుకుంది జాక్విన్, తర్వాత ఆయన కొడుకు. రోజూ ట్రామ్‌లో దాని పక్క నుంచే వెళ్తాను, ఎప్పుడూ దిగలేదు.

జాక్విన్ కుటుంబం కాపురం ఆ తోటలోనే. బుధవారం సాయంత్రాలు ఇంటినిండా జనం ఉండేవాళ్లట, పెద్దాయన చుట్టూ శాస్త్రం మాట్లాడేవాళ్లు, పిల్లల చుట్టూ పాటలూ ఆటలూ. ఆ పిల్లల స్నేహితుడు సంగీతకారుడు మొజార్ట్! జాక్విన్ కూతురు ఫ్రాంజిస్కా, మొజార్ట్ దగ్గర పియానో నేర్చుకుంది. 1786 ఆగస్టులో మొజార్ట్ రాసిన ఒక ట్రియో, పియానో, క్లారినెట్, వయోలా కలిసి వాయించేది, ఆమె వాయించడానికి రాసిందే. బెంచీ మీద కూర్చుని ఇయర్‌ఫోన్స్‌లో అదే విన్నాను. గ్రీన్‌హౌస్ అద్దాల మీద నీటి ఆవిరి, లోపల పెద్ద పెద్ద ఆకులు. అమ్మమ్మ వాళ్ల ఊరు గుర్తొచ్చి ఏడుపొచ్చింది.

ఆయన పుస్తకాల బొమ్మలు కూడా చూడండి. ఆస్ట్రియా మొక్కల మీద ఆయన వేసిన పుస్తకంలో 500 రంగు పటాలున్నాయి. ఫ్రాంజ్ బావర్, ఫెర్డినాండ్ బావర్ అనే అన్నదమ్ములు ఆయన దగ్గర బొమ్మలు వేశారు. తర్వాత ఒకరు లండన్ క్యూ గార్డెన్‌కి, ఒకరు ఓడెక్కి ఆస్ట్రేలియాకి వెళ్లారు.

మిర్చియార్డు:
గుంటూరు నుంచి. మిరపకి ఈయనకి సంబంధం ఏమైనా ఉందా?

రిటైర్డ్ రేంజర్:
గుంటూరు మిర్చి కాప్సికమ్ ఆన్యుమ్, దాని పేరు లిన్నేయస్‌ది. ఈశాన్య రాష్ట్రాల నాగా మిర్చి ఎక్కువ భాగం కాప్సికమ్ చైనెన్స్, ఆ పేరు జాక్విన్‌ది, 1776. చైనా నుంచి వచ్చిందనుకుని అలా పెట్టాడు. మిరప ఏదైనా అమెరికాదే. నియమం ప్రకారం మొదటి పేరే నిలుస్తుంది కాబట్టి ఆ పొరపాటు ఇప్పటికీ అలాగే ఉంది.

బడితోట:
ఆయన కెమిస్ట్ కూడా అన్నారు. దాని గురించి ఎవరూ రాయలేదు.

కెమిస్ట్రీ లెక్చరర్:
నేను రాస్తాను. నా దృష్టిలో ఆయన గొప్ప పని ఇదే, చెట్ల మధ్య మరుగున పడిపోయింది.

1763లో జాక్విన్‌ని షెమ్నిట్జ్ గనుల విద్యాలయంలో రసాయన శాస్త్రం, ఖనిజ శాస్త్రం చెప్పడానికి నియమించారు. ఇప్పుడది స్లొవేకియాలో బాన్‌స్కా స్టియావ్‌నిట్సా. వెండి, బంగారం గనుల ఊరు. అక్కడ విద్యార్థులు తమ చేతులతో ప్రయోగశాలలో పని చెయ్యాలి. అప్పట్లో చాలాచోట్ల ప్రొఫెసర్ చేసి చూపిస్తే పిల్లలు చూసేవాళ్లు, అంతే. 1794లో ఫ్రాన్స్‌లో ఎకోల్ పాలిటెక్నిక్ అనే ఇంజినీరింగ్ విద్యాలయం పెట్టేటప్పుడు ఫూర్‌క్రా అనే రసాయన శాస్త్రవేత్త ఆ విద్యాలయాన్నే ఆదర్శంగా చూపించాడు.

అసలు కథ సున్నం గురించి. సున్నపురాయి చల్లగా, నోటికి రుచీపచీ లేకుండా ఉంటుంది. దాన్ని కాలిస్తే చర్మాన్ని కొరికే సున్నం అవుతుంది. ఆ ఘాటు ఎక్కణ్ణించి వచ్చింది? 1756లో స్కాట్లండ్‌లో జోసెఫ్ బ్లాక్, రాయిలో బందీ అయిన ఒక గాలి ఉంది, కాలిస్తే అది పోతుంది, మిగిలిందే సున్నం అన్నాడు. జర్మనీలో మేయర్ అనే మందుల తయారీదారు 1764లో దీన్ని కొట్టిపారేశాడు. నిప్పులోంచి ఒక ‘జిడ్డు ఆమ్లం’ రాయిలోకి దిగుతుంది, ఆ ఘాటు దానిదే అన్నాడు. జర్మన్ మాట్లాడే దేశాల్లో ఎక్కువమంది మేయర్ వైపే.

జాక్విన్ 1769లో వియన్నా నుంచి ఒక పుస్తకం వేశాడు, రెండు వాదాల్నీ ప్రయోగాలతో పరీక్షించి. కాల్చినప్పుడు రాయి బరువు తగ్గేది ముఖ్యంగా లోపలి గాలి పోవడం వల్లేనని చూపించి బ్లాక్ పక్షాన నిలబడ్డాడు. ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త లావోయిజియే 1774లో వేసిన పుస్తకంలో అంతకుముందు గాలుల మీద పనిచేసినవాళ్లని చెబుతూ జాక్విన్ ప్రయోగాల్ని సంగ్రహించాడు. ఆ గాలే మనం కార్బన్ డయాక్సైడ్ అంటున్నది. తోటలో ఆకు పీల్చుకునేదీ అదే. రెండు శాస్త్రాలూ ఆ మనిషి చేతుల్లో ఎంత దగ్గరగా ఉన్నాయో చూడండి. ఆకు ఆ గాలితో ఏం చేస్తుందో మాత్రం అప్పటికి ఎవరికీ తెలీదు.

సున్నపుబట్టీ:
లెక్చరర్ గారూ, మాది పిడుగురాళ్ల. తాత కాలం నుంచి సున్నం పనే. చదువు పదో తరగతి. మీరు రాసింది రెండుసార్లు చదివాను. రాయి బరువు తగ్గుతుందని మాకు ఎప్పట్నుంచో తెలుసు, బట్టీలో వేసింది ఎంత, దించింది ఎంత అని లారీ లెక్కే చెబుతుంది. ‘నిప్పు నీళ్లని తాగేస్తుంది’ అనేవాడు మా తాత. గాలి పోతుందని ఎవరూ చెప్పలేదు. ఎంత తగ్గాలి లెక్క ప్రకారం?

కెమిస్ట్రీ లెక్చరర్:
స్వచ్ఛమైన రాయి అయితే వంద కిలోలకి 44 కిలోలు గాలిగా పోతుంది, 56 మిగులుతుంది. మట్టి, ఇసుక కలిసి ఉంటే మిగిలేది ఇంకొంచెం ఎక్కువ.

సున్నపుబట్టీ:
చూసి చెబుతాను.

గట్టుమీద రైతు:
అన్నా, జాగ్రత్త. బట్టీ దగ్గర గాలి మంచిది కాదు.

సున్నపుబట్టీ:
మూడు రోజులు పట్టింది, ఆలస్యానికి ఏమనుకోకండి. పిడికిలి కంటే కాస్త పెద్ద రాయి ఒకటి ఏరి, కడిగి, ఎండలో పెట్టి, కిరాణా కొట్టు కాటాలో తూచాను. 1,000 గ్రాములు వచ్చేదాకా అంచులు చెక్కాను. మిగతా రాళ్లలో కలిసిపోకుండా ఇనుప తీగ చుట్టి బట్టీ పైన వేశాను. తీగ కాలి పొడైపోయింది కానీ ఆ రాయి ఆకారం నాకు తెలుసు, చల్లారాక చెయ్యి పెట్టి తీశాను. పరిమాణం అంతే ఉంది. చేతిలోకి తీసుకుంటే బెండులా ఉంది. తూచాను, 590.

పగలగొడితే నడిమధ్యలో గోళీకాయంత బూడిదరంగు రాయి కాలకుండా మిగిలి ఉంది. ఒక్క ముక్క మీద నీళ్లు పోశాను. రోజూ చూసేదే, బుస్సుమని పొంగి, పగిలి, ఆవిరి. కానీ ఈసారి పక్కన కూర్చుని చివరిదాకా చూశాను. పిల్లాడు సున్నపుతేట గ్లాసులో పోసి, కూల్‌డ్రింక్ గొట్టంతో ఊదాడు, వాళ్ల బళ్లో చేశారట. తేట పాలలా తెల్లబడింది. "నాన్నా, బట్టీలో పోయిన గాలి నా నోట్లోంచి వచ్చింది" అన్నాడు.

కెమిస్ట్రీ లెక్చరర్:
590 చాలా మంచి ఫలితం. ఆ కాలని ముక్క లేకపోతే ఇంకా దగ్గరికి వచ్చేది. ఇరవై ఏళ్లుగా పాఠం చెబుతున్నాను, ఒక్కసారి కూడా రాయి తూచలేదు. ఈ ఏడాది నా పిల్లలతో తూయిస్తాను. తెల్లబడటం గురించి మీ అబ్బాయితో చెప్పండి, గ్లాసు అడుగున పేరుకున్న తెల్లటి పొడి మళ్లీ సున్నపురాయే.

మట్టిమాట:
సున్నపుబట్టీ గారూ, మీ పోస్టు దాచుకున్నాను.

బడితోట:
పలకలు పూర్తయ్యాయి, పెయింటర్ చేతిలో ఉన్నాయి. నిద్రగన్నేరు: ‘సమన్ అనేది వెనెజువెలా ప్రజల మాట, 1800లో జాక్విన్ రాసుకున్నాడు.’ గ్లైరిసీడియా: ‘కంచె చెట్టు. కార్తహేనాలో కంచె కట్టినవాళ్ల పేర్లు ఎవరూ రాయలేదు.’ రెండోది తొమ్మిదో తరగతి అమ్మాయి రాసింది, నేను ఒక్క అక్షరం మార్చలేదు. 

సున్నపుబట్టీ గారూ, ఒక కోరిక. కాల్చని రాయి ఒకటి, కాల్చింది ఒకటి ఆర్టీసీ కార్గోలో పంపగలరా? కాల్చింది గాలి చొరబడని డబ్బాలో పెట్టండి, లేకపోతే దార్లోనే చెమ్మ పీల్చుకుని పొడైపోతుంది. ఖర్చు నాది.

సున్నపుబట్టీ:
ఖర్చు మాట ఎత్తకండి మాస్టారూ. రేపు పొద్దున బండికి వేస్తాను. నాలుగు పంపుతున్నాను, రెండు జతలు. పిల్లల్ని సున్నం చేత్తో ముట్టుకోనివ్వకండి.